కిరోసిన్ బంకు వెనక గల్లీ

జూన్ 3, మంగళవారం

రమకు ప్రమోషన్ వచ్చింది. ఉత్తర్వు మధ్యాహ్నమే దవాఖానకు వచ్చిందట. సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, టీ తాగాక చెప్పింది. స్టాఫ్ నర్సు నుంచి హెడ్ నర్సు. పోస్టింగ్ కరీంనగర్. నెలాఖరులోపు చేరాలి. చేరకపోతే వద్దని రాసివ్వాలి. అలా రాసిస్తే అది జాబితాలో తర్వాతివాళ్లకు పోతుంది, ఆమెకు మళ్లీ రాదు.

మిగతా వాస్తవాలు కూడా రాసుకుంటాను. మా పత్రిక మండల పేజీలు ఎత్తేసి రెండేళ్లయింది. ఇబ్రహీంపట్నం విలేకరి అనే ఉద్యోగం ఇప్పుడు లేదు. మా అమ్మాయి స్వప్న పెళ్లయి బడంగ్‌పేట్‌లో ఉంటోంది. అంటే నన్ను ఈ ఊళ్లో ఆపేది ఏదీ లేదు.

రమ ఒకే మాట చెప్పింది. “నేనొక్కదాన్నే పోయి హాస్టల్ల ఉండే వయసు గాదు. ఇద్దరం పోతే పోదం. లేకుంటే రేపే వద్దని రాసిస్త.”

పోదాం అన్నాను.

“అయితే ఇల్లు నువ్వే చూడాలె. అందరికి ఊర్లు చెప్పేటోనివి గద. ఇప్పుడు మనకోసం అడుగు.”

ఇరవై ఆరు నుంచి ఆషాఢం. ఆషాఢంలో కొత్తింట్లో పాలు పొంగించరు. నేను పంచాంగం నమ్మను, రమ నమ్ముతుంది. కాబట్టి అమావాస్యకు ముందే ఇల్లు దొరకాలి.

జూన్ 5, గురువారం

అసద్‌కు ఫోన్ చేశాను. కరీంనగర్‌లో మా పత్రికకే పనిచేస్తాడు. శిక్షణలో ఒకే బ్యాచ్, నాకంటే నాలుగేళ్లు చిన్న. విలేకరుల్లో ఒక పద్ధతి ఉంది. కొత్త ఊరికి పోవాలంటే ముందు ఆ ఊరి విలేకరిని అడుగుతాం. పేపర్ వేరైనా చెబుతారు. మండల పేజీ పోయాక కూడా నాకు వస్తున్న ఫోన్లు అవే. కొంగరకలాన్‌లో కలెక్టరేట్ వచ్చిన ఏడాది రోజూ ఎవరో ఒకరు అడిగేవాళ్లు, ఎటువైపు ఉంటే మంచిదని. అందరికీ చెప్పాను. ఇలా నేను అడగడం మొదటిసారి.

అసద్ మూడు చోట్లు చెప్పాడు. దవాఖానకు దగ్గరగా కావాలంటే మంకమ్మతోట. ఖాళీగా, కొత్తగా కావాలంటే రేకుర్తి. గాలి కావాలంటే డ్యామ్ వైపు కాలనీలు. పై అంతస్తులో, నేరుగా కప్పు కింద ఇల్లు మాత్రం తీసుకోవద్దన్నాడు. అక్కడి ఎండ రాయిలోకి దిగి తెల్లారేదాకా పోదట.

“ఏ ఇల్లయినా రెండుసార్లు చూడాలె అన్న. పొద్దున నల్లా వచ్చినప్పుడొకసారి, రాత్రి కరెంటు పోయినప్పుడొకసారి. గల్లీ అసలు మొకం గప్పుడే కనబడ్తది” అన్నాడు.

మంచి సలహా. నేను ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పనిది.

జూన్ 6, శుక్రవారం

మంకమ్మతోటలో కోతులున్నాయట. ఆ పేరు కొట్టేశాను.

జూన్ 8, ఆదివారం

మంజుల అనే అమ్మాయి ఫోన్ చేసింది. ఒంగోలు విలేకరి నా నంబర్ ఇచ్చాడట. కొంగరకలాన్ దగ్గర ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఉద్యోగం. తనూ, వాళ్లమ్మా ఉండటానికి ఇబ్రహీంపట్నంలో ఏ వైపు బాగుంటుందని అడిగింది.

మా వైపే చెప్పాను. డిపో దాటాక కిరోసిన్ బంకు, దాని వెనక గల్లీ. ఎవరినడిగినా చూపిస్తారు. సాయంత్రమైతే పెద్ద చెరువు గాలి తిన్నగా ఇంట్లోకి వస్తుంది, వేసవిలో కూడా పదింటి తర్వాత ఫ్యాను అవసరం ఉండదు. మూల మీద ఉస్మాన్ హోటల్ ఉంది, పేపర్లన్నీ అక్కడే చదవొచ్చు. చెరువు నిండిన ఏడాది ఊరు ఊరంతా కట్ట మీదే ఉంది, పిల్లల్ని భుజాల మీద ఎత్తుకుని చూపించారు. ఆ సంగతి కూడా చెప్పాను. అమ్మాయి అడగలేదు.

ఫోన్ పెట్టేశాక రమ అంది, “ఆ పిల్లతోని మాట్లాడినంతసేపు అసద్‌తోని మాట్లాడలే నువ్వు.”

కిరోసిన్ బంకు సంగతి రాయాలి. నేను విలేకరిగా కొత్త. ఊళ్లో కిరోసిన్ కరువు. నీలం రంగు రేషన్ కిరోసిన్ కోసం డబ్బాల వరుస సాగర్ రోడ్డుదాకా వచ్చింది. మనుషులు నీడకు పోయి డబ్బాల్ని నిలబెట్టారు. రమ ఒక్కతే తన డబ్బా పక్కన ఎండలో నిలబడి ఉంది. కొత్తగా వచ్చిన నర్సు, తెల్ల చీర. ఎంతసేపటి నుంచి నిలబడ్డారని అడిగాను. “లైన్ల నిలబడితే నిలబడు, లేకుంటే జరుగు. ఎండ కాదు, నువ్వే అడ్డం ఉన్నవ్” అంది.

వార్త మర్నాడు మొదటి పేజీలో వచ్చింది. అందులో ఆమె పేరు లేదు, ‘ఒక నర్సు’ అని ఉంది. పేరు వేయలేదని ఇప్పటికీ అంటుంది.

జూన్ 10, మంగళవారం

రేకుర్తి వైపు ఇల్లు కొత్తది. నడుచుకుంటూ పోయి టీ తాగే హోటల్ లేదన్నాడు అసద్. డ్యామ్ వైపు ఉన్నది దవాఖానకు దూరం. రాత్రి డ్యూటీ దిగి రమ ఎలా వస్తుంది? రెండూ కొట్టేశాను.

ఒక్క నోటి మాట మీద వార్త రాయకూడదు. పోటీ పత్రిక విలేకరికి కూడా ఫోన్ చేశాను. అసద్ చెప్పినవే చెప్పాడు. ఇద్దరు వేర్వేరుగా ఒకే మాట చెబితే అది నిజమని నేనే కొత్త కుర్రాళ్లకు నేర్పాను. మూడో మనిషిని చూడాలి.

జూన్ 12, గురువారం

అమావాస్యలోపు కుదరకపోతే తొందరేం లేదు, శ్రావణంలో చూద్దామన్నాను. రమ కూర తరుగుతోంది. కత్తిపీట ఆగింది.

“నెలాఖరుకు చేరకుంటే శ్రావణంల ఎవలు చేర్చుకుంటరు? నువ్వెప్పటి సంది పంచాంగం చూస్తున్నవ్?”

ఆచారం ఆచారమే కదా అన్నాను.

“మన పెండ్లి మూఢంల చేసుకున్నం. అప్పుడేమాయె నీ ఆచారం?”



జూన్ 13, శుక్రవారం

రమ దవాఖాన నుంచి తెల్లకాగితం ఒకటి తెచ్చి టీవీ మీద పెట్టింది. ఏమీ రాసి లేదు. దేనికని అడగలేదు.

జూన్ 14, శనివారం

పదకొండు దాటాక మంజుల ఫోన్. అమ్మను వెంటబెట్టుకుని వచ్చి రోడ్డు మీద నిలబడింది.

“కిరోసిన్ బంకు ఎక్కడండి? ముగ్గుర్ని అడిగామండి. ముగ్గురూ ఇటే చూపించారు. ఇక్కడ బైకుల షోరూం ఉందండి.”

అదే, అక్కడే ఉండండి అని నడిచి వెళ్లాను. తల్లీకూతుళ్లు షోరూం మెట్ల మీద నిలబడ్డారు. చేతిలో సంచి, మంచినీళ్ల సీసా ఖాళీ. తల్లి పేరు రత్నమ్మ. నేను రాగానే ఆమె షోరూంను పైనుంచి కిందిదాకా చూసి, “ఇదేనా అండి బంకు?” అని అడిగింది.

అవునన్నాను. నాకు వెంటనే తట్టలేదు. బంకు తీసేసి చాలా ఏళ్లయింది. తర్వాత కొన్నాళ్లు ఎరువుల దుకాణం ఉంది, తర్వాత ఖాళీ, ఇప్పుడు ఈ అద్దాల షోరూం. నేను రోజూ దీని ముందునుంచే నడుస్తాను. ఎవరడిగినా కిరోసిన్ బంకు అనే చెబుతాను. ఊళ్లో అందరూ అదే అంటారు. ఎప్పుడూ ఎవరూ దారి తప్పలేదు. అడిగినవాళ్లంతా మావాళ్లే కాబట్టి తప్పలేదు. ఇది ఈ రోజు తెలిసింది.

ఉస్మాన్ హోటల్ బయటే కూర్చుని అంతా చూస్తున్నాడు. “ఇంద్రన్నా, గాళ్లకెట్ల తెలుస్తదే? గా బంకు మనకే కనబడ్తది” అన్నాడు. టీ ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు.

ఇంటికి తీసుకొచ్చాను. రమ మజ్జిగ ఇచ్చింది. మంజుల గోడలూ, నల్లా, వంటగదీ చూసి అన్నీ ఫోన్‌లో రాసుకుంటోంది. విలేకరి అయితే బాగుండేది. రత్నమ్మ మాత్రం హాల్లో నిలబడి, “చెరువు గాలన్నారు. ఎటునుంచి వస్తుందండి?” అంది.

కిటికీ చూపించాను. గొళ్లెం బిగుసుకుపోయి ఉంది. రమ వచ్చి అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి తీసింది.

చేతికందేంత దూరంలో గోడ. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లల హాస్టల్, అయిదంతస్తులు. తీగ మీద తువాళ్లు. అవి కదలడం లేదు.

ఈ హాస్టల్ కట్టడం మొదలైనప్పుడు సిమెంటు దుమ్ముకు కిటికీ మూశాం. తర్వాత తీయలేదు. గాలి వస్తోందనే నేను చెబుతూ వచ్చాను. ఆ అమ్మాయికే కాదు, ఎంతమందికో.

తప్పు చెప్పానన్నాను మంజులతో.

“పర్లేదండి” అంది. “మీరు చెప్పిన ఊరు చాలా బాగుందండి. అది ఎక్కడుందో చెబితే అక్కడే అద్దెకు దిగుతాం.”

రమ నవ్వింది. రత్నమ్మ కూడా. నేను కూడా నవ్వాననుకుంటాను.

పోతూ పోతూ గడప దగ్గర రత్నమ్మ ఆగింది. “మీరు కరీంనగర్ వెళ్లిపోతున్నారటగా, ఆవిడ చెప్పారు. మరి ఈ ఇల్లే మాకు ఇవ్వచ్చు కదండి. గాలి లేకపోయినా నీళ్లున్నాయి, మనుషులున్నారు.”

ఇంకా ఏమీ నిర్ణయం కాలేదని చెప్పాను. రమ వంటింట్లోకి వెళ్లిపోయింది.

జూన్ 15, ఆదివారం

పొద్దున ఊరంతా తిరిగాను. నేను మంజులకు చెప్పిన ప్రతి మాటనూ సరిచూశాను. చెరువు ఉంది. కట్ట మీద గాలి ఉంది. కట్టకూ మా ఇంటికీ మధ్య హాస్టల్, దాని వెనక ఒక వెంచర్ ప్రహరీ, దాని మీద తాటికాయంత అక్షరాలతో ప్లాట్ల నంబర్లు. ఉస్మాన్ హోటల్‌లో ఇప్పుడు ఒక్క పేపరే వేస్తున్నారు, అదీ నాకోసమే. ‘నువ్వు పోతే అది గూడ బంద్ జేస్త’ అన్నాడు ఉస్మాన్. బెదిరింపు కాదు, సమాచారం.

ఇన్నాళ్లూ నేను చెప్పింది అబద్ధం కాదు. పాతది. మా పనిలో రెంటికీ పెద్ద తేడా లేదు.

జూన్ 16, సోమవారం

అసద్ ఫోన్ చేశాడు. పోటీ పత్రికవాణ్ని కూడా అడిగానని తెలిసింది. కోపం లేదు గానీ మాట గట్టిగానే ఉంది.

“ఇంద్రన్నా, కోతులున్నయన్నవ్. హోటల్ లేదన్నవ్. దూరమన్నవ్. నీకు ఇల్లు కావాల్నా, ఇబ్రహీంపట్నం కావాల్నా? అదైతే నా కాడ లేదు.”

ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చాను.

“ఫోన్ల ఊరు కనబడదన్న. వదినెను తీస్కొని రా. ఇంకొకటున్నది, మా మేనత్త, మదీనా బీ ఫూఫీది, కింది పోర్షన్. బస్టాండ్ల దిగి ఆటో ఎక్కి ఐస్ ఫ్యాక్టరీ అని చెప్పు. ఇంకేం చెప్పకు.”

టీవీ మీద కాగితం అలాగే ఉంది.

జూన్ 18, బుధవారం

రేపు పోతున్నాం. రమ సంచిలో రెండు చపాతీల పొట్లాలు, టేపు, చిన్న బల్బు ఒకటి పెట్టింది. బల్బు దేనికంటే, ప్లగ్గులు పనిచేస్తున్నాయో లేదో చూడటానికట. ముప్పై ఏళ్లు వార్తలు రాసిన నాకు తట్టలేదు.

జూన్ 19, గురువారం

కరీంనగర్ బస్టాండ్‌లో దిగేసరికి ఎండ నడినెత్తిన ఉంది. ఆటో అబ్బాయికి ఇరవై రెండు ఉంటాయేమో. ఐస్ ఫ్యాక్టరీ అన్నాను. ఎక్కడ, ఎటు అని ఒక్క మాట అడగలేదు. రెండు మలుపులు తిప్పి ఒక రక్తపరీక్షల ల్యాబు ముందు ఆపాడు. పక్కన టైలరు, ఎదురుగా కిరాణం.

“ఐస్ ఫ్యాక్టరీ అన్నాను” అన్నాను.

“ఇదే గదనే.”

“ఏది?”

ల్యాబు వైపు చేయి ఊపాడు. “గిదే. తీసేసిండ్రు.”

“ఎప్పుడు?”

“ఏమో. నేను పుట్టకముందే తీసేసిండ్రట. నేనైతే సూడలే” అని చిల్లర ఇచ్చి, రమ సంచి దించి, వెళ్లిపోయాడు.

నేను రోడ్డు మీద నిలబడిపోయాను. రమ నన్ను చూసింది. ముందు నడిచింది.

మదీనా బీకి డెబ్బై దాటి ఉంటాయి. అరుగు మీద కూర్చుని బియ్యం చెరుగుతోంది. అసద్ చెప్పిండు, అచ్చిండ్రా అని చాట పక్కన పెట్టింది. ఇక్కడ వచ్చిన అనరు, అచ్చిన అంటారు. రమ లోపలికి పోయి బల్బు పెట్టి ప్లగ్గులు చూసింది, నల్లా తిప్పింది, కిటికీలన్నీ తెరిచి మూసింది. మూసినవి మళ్లీ తెరిచింది.

నేను అరుగు మీదే ఉండిపోయాను. ఐస్ ఫ్యాక్టరీ గురించి అడిగాను. మదీనా బీ కూర్చున్నచోటు నుంచే చేత్తో చూపిస్తూ చెప్పింది. గేటు ల్యాబు మెట్ల దగ్గర ఉండేది. మంచుగడ్డల మీద రంపపు పొట్టు పోసి బండ్ల మీద పంపేవాళ్లు. బండి కుదుపుకు రాలిన ముక్కల కోసం గల్లీ పిల్లలంతా వెంట పరుగెత్తేవాళ్లు, ఆమె కూడా పరుగెత్తింది. గల్లీలో ఎవరైనా పోతే, దూరం నుంచి బంధువులు వచ్చేదాకా శవాన్ని ఉంచడానికి ఒక గడ్డ వచ్చేది. హిందువులకైనా, తురకలకైనా. మూసేసే ముందు చివరి గడ్డ ఆమె మామ కోసమే వచ్చిందట.

“ఇప్పుడు ఎవరన్న పోతే పెట్టె తెస్తున్నరు, కరెంటుది. తెచ్చేటోనికి గూడ ఐస్ ఫ్యాక్టరీ కాడికే తెమ్మంటం” అంది.

కోతులున్నాయా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

“ఉన్నయ్. యాడ లేవు, కొడుకా?”

నల్లా రోజు విడిచి రోజు. మధ్యాహ్నం హాల్లో ఎండ పడుతుంది. పేపర్లు వేసే హోటల్ లేదు. దవాఖాన మాత్రం దగ్గర. నేను పెట్టుకున్న షరతుల్లో ఒక్కటి తప్ప ఏదీ నెగ్గలేదు. ఇవి వాస్తవాలు.

ఇంతలో మదీనా బీ రమను అడిగింది, ఎక్కణ్నుంచి అచ్చిండ్రని.

“ఇబ్రహీంపట్నం” అంది రమ. “సాగర్ రోడ్డు మీద. కిరోసిన్ బంకు వెనక గల్లి.”

మదీనా బీ తెలిసినట్టే తలూపింది.

ఇల్లు తీసుకుంటామని నేనే చెప్పాను. రమ ఆ మాట వినలేదనుకున్నాను. బస్సులో, సిద్దిపేట దాటాక, “మల్ల అనవ్ గద, కోతులని?” అంది.

జూన్ 20, శుక్రవారం

మంజులకు ఫోన్ చేశాను. ఇల్లు ఇస్తామన్నాను. ఉన్నవి, లేనివి వరసగా చెప్పాను. కిటికీ గురించి రెండుసార్లు చెప్పాను. తెలుసండి, చూశాం కదా అంది.

టీవీ మీద కాగితం లేదు. రమ దాన్ని చించి, వచ్చేవాళ్లకోసం అల్మారా అరల్లో పరిచింది.

జూన్ 22, ఆదివారం

సామాను కట్టాం. పాత పేపర్ కటింగుల పెట్టె తెరవలేదు, తెరిస్తే ఈ రోజు పని కాదు. రమే దానికి తాడు కట్టింది. కట్టేముందు పైనున్న ఒక కటింగ్ తీసి చదివి, మడిచి తన పర్సులో పెట్టుకుంది. ఏ వార్తో నాకు తెలుసు. ‘ఒక నర్సు’.

సాయంత్రం ఉస్మాన్ వచ్చాడు. ఫోన్ నంబర్ మార్చొద్దన్నాడు. ఊరి సంగతి ఎవరైనా అడిగితే నాకే చేయమంటాడట. నేను చెప్పేదంతా పాతదే కదా అన్నాను.

“బంకు కాడికి పంపు అన్న. మిగిలింది నేను చూస్కుంట” అన్నాడు.

జూన్ 23, సోమవారం

కరీంనగర్‌లో పాలు పొంగించాం. ఆషాఢానికి ముందే. సామాను వ్యాన్ డ్రైవర్ దారి తప్పి ఫోన్ చేశాడు. ఎక్కడికి రావాలని అడిగాడు. చెప్పాను. ఎవర్నడిగినా చూపిస్తారని కూడా చెప్పాను. చూపించారు.

జూన్ 27, శుక్రవారం

రమ చేరింది.

జూన్ 29, ఆదివారం

పొద్దున నల్లా వచ్చింది. రాత్రి కాసేపు కరెంటు పోయింది. అసద్ చెప్పినట్టు రెండుసార్లూ గల్లీని చూశాను. కరెంటు పోగానే అందరూ అరుగుల మీదికి వచ్చారు. ఎవరో ఒకాయన, ల్యాబు మెట్ల మీద కూర్చుని, ‘ఇదివరకైతే ఇక్కడ కూసుంటే సల్లగుండేది’ అన్నాడు. ఇంకొకాయన అవునన్నాడు. ఇద్దరికీ నా కంటే తక్కువ వయసు.

మధ్యాహ్నం మంజుల ఫోన్ చేసింది. గ్యాస్ సిలిండర్ తెచ్చినతను ఇల్లు దొరక్క తిరుగుతున్నాడట. ఆమె ఇంటి నంబరు చెప్పింది, షోరూం పేరు చెప్పింది, ఫోన్‌లో మ్యాపు పంపింది. రాలేదు.

“చివరికి కిరోసిన్ బంకు వెనకాల అన్నానండి. రెండు నిమిషాల్లో వచ్చేశాడు. ముందే చెప్పొచ్చు కదమ్మా అని నన్నే తిట్టాడు.”

రమ పక్కనే ఉంది, విని నవ్వుతోంది. అంతలో రత్నమ్మ ఫోన్ తీసుకుంది. అంతా బాగుందని, హాస్టల్ పిల్లలు కిటికీలోంచి పచ్చడి అడుగుతున్నారని చెప్పింది. మేం ఎక్కడ దిగామని అడిగింది.

“ఐస్ ఫ్యాక్టరీ దగ్గరండి” అన్నాను.

“అబ్బ, చల్లగా ఉంటుందేమో. ఇంకా నడుస్తోందాండి?”

అవునన్నాను. దీనికి సవరణ వేయను.